గుహ ఎవరి కొఱకు?

శ్రీమన్నారాయణునకు కొండలయందు ప్రీతి మెండు. వేంకటాచలమున నిలిచి భక్తకోటిని రప్పించుకొనుచున్నాడు. సింహాచలమున చందనము పూసికొని వెలసియున్నాడు. నృసింహరూపమున మఱింత లోనికేగి కొండ కడుపులోనే కాపురమున్నాడు. ఎగువ అహోబిలమున స్వామి సన్నిధి గుహయందే గలదు. యాదగిరిగుట్టయందును గుహయే గర్భాలయము. మంగళగిరి కొండపై పానకాలస్వామి నోటిని మాత్రమే చూపి, కొండయంతయు తన దేహమే యన్నట్లు భక్తులు పోయు పానకమును స్వీకరించుచున్నాడు. ఈ క్షేత్రములను సేవించినవారికి తల వంచి గుహలో ప్రవేశించునప్పుడు కలుగు అనుభవము తెలిసియే యుండును. బయటి వెలుగు వెనుకబడును, మాట తగ్గును, దీపపు కాంతిలో స్వామి ముఖము మాత్రమే కన్నులకు తోచును.

ఇవి స్వామి తానుగా వెలసిన తావులు. ఇట్లుగాక, మనుష్యులు ఉలియు సుత్తియు పట్టి చేతులార తొలిచిన గుహలు మన దేశమున వందలకొలది గలవు. వాటిని తొలిచినవారు ఏమి తలచి తొలిచిరో విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. ఇందులకు కారణము ఒకటి గలదు.

కొంతకాలము క్రిందట ఒక పల్లెలో భాగవత ప్రవచనము ముగిసిన పిదప ఒక యువకుడు నాయొద్దకు వచ్చి నమస్కరించెను. "స్వామీ, మా ఊరి వెనుక రాతికొండ ఉన్నది. దానిలో నా చేతులతోనే ఒక గుహ తొలుచుకొని, అందులో కూర్చుండి నామజపము చేసికొనుచు ఈ జన్మ గడిపివేయవలెనని ఉన్నది. ఉలులు కూడ చేయించితిని. మంచి ముహూర్తము చెప్పండి" అని అడిగెను. ఇంటిలో ముదుసలి తల్లి, భార్య, బడికి పోవుచున్న ఇద్దఱు బిడ్డలు. అన్నదమ్ముల తగవు, అప్పులవారి మాటలు అతని మనస్సును విఱిచినవి. అయినను అతని మాటలో కపటము లేదు. భక్తియు ఉన్నది, దుఃఖమును ఉన్నది. నవ్వి పంపివేయదగిన ప్రశ్న కాదది.

"నాయనా, ముహూర్తమునకు ముందు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుము. నీవు తొలువబోవు రాయి ఎట్టిది? పని ఎక్కడ మొదలుపెట్టెదవు? ఆ గుహ ఎవరి కొఱకు?" అని నేనడిగితిని. అతనితో చెప్పిన మాటలు మనకందఱకును చెందునవే గనుక ఇచ్చట వివరించుచున్నాను.

మొదటిది రాతిని గూర్చిన ప్రశ్న. బీహారు రాష్ట్రమున గయకు ఉత్తరముగా బరాబర్ కొండలు గలవు. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో అశోకచక్రవర్తి కాలమున అచ్చటి నల్లసేనపు రాతిని తొలిచి, లోపలి గోడలను అద్దమువలె నునుపుచేసిరి. మన దేశమున తొలిచిన గుహలలో ప్రాచీనములని పేరొందినవి ఇవియే. వాటిలో లోమశఋషి గుహ యనునది ఒకటి. దాని ద్వారముపై ఏనుగుల వరుస చెక్కిన తోరణము కన్నులపండువుగా నుండును. లోనికి పోయినచో లోపలి గది పూర్తికాలేదు. రాతిలో పగుళ్లు బయటపడుటచేతనే పనిని విడిచిరని పండితులు కొందఱు భావింతురు. చక్రవర్తి కాలపు శిల్పులకే రాయి అట్లు అడ్డుపడినది! రాతిలో చీలిక యున్నదా, వానకు నీరు ఊరుచున్నదా, పైకప్పుగా నిలువదగిన మందము గలదా యని పరీక్షింపక ఉలి మోపినవాని తలపైననే కొండ కూలును. అంతేకాదు, ఈ కాలమున కొండలు తఱచుగా ప్రభుత్వమువారి యధీనమున, అటవీశాఖవారి యధీనమున నుండును. అనుమతి లేక తొలుచుట శిక్షార్హము.

వైరాగ్యమునకును ఈ పరీక్షయే తగును. ఇంటిలో తగవు వచ్చినందున పుట్టిన విరక్తి పగులుగల రాయి వంటిది. ద్వారము అందముగనే చెక్కవచ్చును; లోపలి గది నిలువదు. తగవు తీఱిన మఱునాడు ఆ విరక్తి యేమగునో ఎవరికి వారే ఆలోచించుకొనవలెను.

రెండవది పని ఎక్కడ మొదలుపెట్టవలెనను ప్రశ్న. ఇల్లు కట్టువాడు క్రింద పునాది వేసి పైకి పోవును. గుహ తొలుచువాడు పైకప్పునుండి మొదలుపెట్టి క్రిందికి దిగును. క్రింద తొలువని రాయియే అతనికి నిలుచుటకు అరుగు. అజంతాయందు అసంపూర్ణముగా నిలిచిన గుహలను చూచినవారికి ఈ క్రమము తెలియును. మామల్లపురమున సగములో ఆగిన పనులలో మఱియొక రహస్యము కానవచ్చును. రాతి ముఖమును చదరపు గళ్లుగా విభజించి, గడి చుట్టును గాడి తీసి, ఒక్కొక్క గడిని విడివిడిగా కొట్టివేసిరి. కొండనంతటిని ఒక్క దెబ్బతో జయింపవలెనని వారు తలపలేదు.

ఇంకొక విశేషము గలదు. మండగపట్టు గుహాలయమును తొలిపించిన పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ, ఇటుకలు, కొయ్య, లోహము, సున్నము లేకయే బ్రహ్మ విష్ణు మహేశ్వరులకు ఆలయము చేయించితినని శాసనమున సంతోషముతో చెప్పుకొనినాడు. గుహయందు చేర్చుట లేదు. తీయుట మాత్రమే గలదు. ఇటుకను తప్పుగా పెట్టినచో తీసి మరల పెట్టవచ్చును. కొట్టివేసిన రాతిని మరల అతికింప శక్యముకాదు. అందుచేత ఏది తీయవలెనో తెలిసికొనుటకంటె ఏది విడిచిపెట్టవలెనో ముందుగా నిర్ణయించుకొనుట శిల్పికి ముఖ్యము. గుహలోని స్తంభములను ఎవరును తెచ్చి నిలుపలేదు. కొట్టివేయక విడిచిన రాయియే స్తంభమైనది. ఆ స్తంభముపైననే కొండ బరువు నిలిచియున్నది.

ఇది చెప్పి నేనతనితో ఇట్లంటిని: "నాయనా, నీ తల్లి, నీ భార్య, నీ బిడ్డలు నీ దారికి అడ్డుగా నున్న రాయి యని నీవు తలచుచున్నావు. నాకు వారు స్తంభములుగా కనిపించుచున్నారు. దారికి అడ్డమని స్తంభమును కొట్టివేసిన శిల్పి ఎచ్చట కూర్చుండి జపము చేయును?"

ఋషులు గుహలలో తపస్సు చేయలేదా యని ఎవరైన అడుగవచ్చును. చేసిరి. కాని శాస్త్రము వానప్రస్థమునకు ఒక కాలమును, ఒక క్రమమును చెప్పినది. బిడ్డలు ఒడ్డున పడిన తరువాత, బాధ్యత ఒకరికి అప్పగించిన తరువాత పోవు మార్గమది. సవతితల్లి మాటకు నొచ్చి మధువనమునకు పోయిన ధ్రువుని కథ మనమెఱుగనిదా? స్వామి ఆ బాలునకు దర్శనమిచ్చెను. అయినను అడవిలోనే యుండుమని చెప్పలేదు. తిరిగి పంపి రాజ్యమేలించెను.

మూడవ ప్రశ్న ఎవరి కొఱకను నది. ఇదియే అన్నిటికంటె ముఖ్యము. అశోకుడు బౌద్ధమును ఆదరించినవాడు. అయినను బరాబర్ గుహలను ఆజీవకులను వేఱొక మతమువారికి నివాసముగా ఒసగినట్లు శాసనములు చెప్పుచున్నవి. తనకు కాదు, తన మతమువారికిని కాదు.

బాదామియందలి మూడవ గుహ విష్ణ్వాలయము. ఆదిశేషునిపై ఆసీనుడైన స్వామి, వరాహమూర్తి, నృసింహుడు, త్రివిక్రముడు అచ్చట మహోన్నతముగా రూపుకట్టియున్నారు. శకవర్షము 500, అనగా క్రీస్తుశకము 578, కార్తిక పౌర్ణమినాడు చాళుక్య మంగళేశుడు ఆ యాలయమును స్వామికి సమర్పించెను. ఆ పుణ్యఫలము తన అన్నయగు కీర్తివర్మకు చెందవలెననియు, అన్నకు సేవచేసిన ఫలము మాత్రము తనకు చాలుననియు శాసనమున వ్రాయించినాడు. అంతటి కొండను తొలిపించియు ఫలమును తన పేర నిలుపుకొనలేదు. అన్నదమ్ముల తగవుచేత ఇల్లు విడువదలచినవాడు ఈ శాసనమును గూర్చి వినుట మేలని నాకు తోచినది.

మన కాలమునకు వచ్చిన మఱియొక దృష్టాంతము గలదు. అదే గయ ప్రాంతమున గహలౌర్ గ్రామవాసి దశరథ మాంఝీ యను కూలివాడు, గాయపడిన భార్యకు సకాలమున వైద్యము అందని దుఃఖముచేత, 1960 మొదలు 1982 వఱకు 22 సంవత్సరములు సుత్తియు ఉలియు పట్టి ఒంటరిగా కొండను చీల్చెను. సుమారు 360 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పుగల దారి ఏర్పడినది. 2007లో ఆయన పరమపదించినను ఆ దారి నిలిచియున్నది. ఆయనకును దుఃఖము గలదు, కొండయు గలదు, ఉలియు గలదు. దుఃఖమును దాచుకొనుటకు బిలము తొలుచుకొనలేదు. మఱియొకరికి అట్టి దుఃఖము కలుగకుండ దారి తీసెను.

శ్రీమద్భాగవత సప్తమస్కంధమున ప్రహ్లాదుడు నృసింహస్వామితో చేసిన విన్నపము ఈ విషయమున మనకు ప్రమాణము. మునులు తమ ముక్తిని మాత్రమే కోరి ఏకాంతమున మౌనము వహింతురనియు, పరుల మేలుపై వారికి దృష్టి లేదనియు, తాను మాత్రము ఈ దీనజనులను విడిచి ఒక్కడుగా ముక్తుడగుటకు ఇష్టపడననియు ఆ బాలభాగవతుడు పలికినాడు. వైష్ణవ హృదయమనగా ఇదియే. తనకొఱకు తొలుచుకొన్నది బిలమగును. పరులకొఱకు, పరమాత్మకొఱకు తొలిచినది ఆలయమగును. ఉలి ఒక్కటే, రాయి ఒక్కటే. సంకల్పమునందే భేదము.

"ఇంత చేసినను పూర్తికాకున్నచో?" అను సందేహము పెద్దవారిలో తఱచుగా వినవచ్చును. అరువది దాటిన తరువాత సాధన మొదలుపెట్టి ఏమి ప్రయోజనమని నిట్టూర్చు వారెందఱో గలరు. అట్టివారు కృష్ణాతీరమున, విజయవాడకు ఎదుటి యొడ్డుననున్న ఉండవల్లికి ఒకమారు పోయి రావలెను. విష్ణుకుండినుల కాలపుదని పెక్కుమంది చెప్పు ఆ గుహాలయము నాలుగు అంతస్తులది. క్రింది మండపము పూర్తికాలేదు. అన్నిటికంటె పై అంతస్తును పూర్తికాలేదు. కాని ఆ రెంటి నడుమ, 5 మీటర్లకు మించిన పొడవున, కొండరాతియందే అనంతశయనుడు పవళించియున్నాడు. అసంపూర్ణమైన పనిలో స్వామి పరిపూర్ణుడుగనే యున్నాడు! ఆరంభించిన ప్రయత్నమునకు నాశము లేదని గీత రెండవ యధ్యాయమునను, నడుమ ఆగిన యోగికి దుర్గతి లేదని ఆఱవ యధ్యాయమునను భగవానుడు అభయమిచ్చియున్నాడు. ఆ అభయము ఉండవల్లియందు కన్నులకే కానవచ్చును.

కావున భక్తులారా, గుహ తొలువవలెనను కోరిక చెడ్డది కాదు. పరమాత్మ హృదయగుహయందు నెలకొనియున్నాడని ఉపనిషత్తులు ఘోషించుచున్నవి. అచ్చట తొలువవలసిన రాయి మనకందఱకును కావలసినంత గలదు. స్వామి వెలుపలినుండి రానక్కఱలేదు. అడ్డుగానున్నది తొలగవలెను, అంతే. శిల్పులవలె గళ్లు గీసికొనుడు. ఈ మాసము ఒక గడి: ఇంటివారిపై పరుషవాక్కు విడుచుట. వచ్చు మాసము మఱియొక గడి: పరుల సంపదను చూచి నొచ్చుకొనుట మానుట. తెల్లవారుజామున పూజామందిరమున దీపము వెలిగించి అరగంట నామస్మరణ చేయుడు. పిమ్మట లేచి స్తంభములను, అనగా మనలను నమ్ముకొన్నవారిని, సేవింపుడు. ఉలి దెబ్బకు రాలునది చిటికెడు పొడియే యైనను నిరాశ వలదు. కొండలన్నియు అట్లే గుహలైనవి.

శేషాచలవాసుడగు శ్రీనివాసుడు మన హృదయగుహలయందు దీపమై వెలుగుగాక! సర్వేజనులకును శుభమగుగాక!