వంట ముఖ్యమైన పని కాదా?

హైదరాబాదు శివారులోని వొక వృద్ధుల నివాసంలో మా పెద్దమ్మను చేర్పించాను. యీమధ్య అక్కడి వంటిల్లు కాంట్రాక్టుకు పోయింది; పాత వంటవాళ్ళకు పని పోయింది. కొత్తవారి వంట రుచిగానే వున్నది. అది కాదనను.

కాని పెద్దమ్మకు పళ్ళు లేవని, అన్నం మెత్తగా వుడకాలని పాత వంటావిడకు తెలుసు. యెవరైనా రెండు పూటలు కంచం ముట్టకపోతే నర్సుకు చెప్పేది ఆమే. కాంట్రాక్టు కాగితం భోజనాలను లెక్కపెడుతుంది. యీ యెరుకను లెక్కపెట్టదు. లెక్కకు రాని శ్రమకు కూలి లేదు.

చట్టం ధోరణీ యిదే. 2020లో చేసి, 2025 నవంబరులో అమలుకు తెచ్చిన కార్మిక కోడ్ సంస్థల ముఖ్యమైన పనులలో కాంట్రాక్టు కార్మికులను, కొన్ని మినహాయింపులతో, నిషేధించింది. కాంటీనును, భోజనాల యేర్పాటును మాత్రం ముఖ్యమైన పనులుగా యెంచలేదు, సంస్థ పుట్టిందే అందుకోసమైతే తప్ప. ఉక్కు కర్మాగారం విషయంలో అది సబబే కావచ్చు. ముసలివారికి వేళకింత అన్నం పెట్టి చూసుకోవడానికి కాకపోతే వృద్ధుల నివాసం మరి దేనికోసం పుట్టినట్టు?

"పాతవారినే వుంచితే మీరు నెలనెలా కట్టేది పెరుగుతుంది" అన్నారు నిర్వాహకులు. నేను మాట్లాడలేదు, కట్టేది నేనే. పెద్దమ్మను చూసుకునే పనిని అందరికన్నా ముందు పరాయివారికి అప్పగించిందీ నేనే. అప్పగించడం తప్పనను, చాలా యిళ్ళలో మరో దారి లేదు. అప్పగించి, ఆపైన చవకను కోరడమంటే మాత్రం వంటమనిషి కూలిలోంచి నా ఋణం తీర్చుకోవడమే.

పాతవారిని తిరిగి తీసుకుంటే పెరిగేది కడతానని నిర్వాహకులకు ఉత్తరం రాశాను. ఆలస్యంగానే రాశాను.