బాకీ ఎవరికి తీరింది?

బాధలో పుట్టిన పాట విని ‘హాయిగా ఉంది’ అనడం న్యాయమేనా? ఖమ్మం, భద్రాచలం వైపు బతుకుతూ రామదాసు కీర్తనలు వినేవాడికి ఈ ప్రశ్న తప్పదు. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి, పాల్వంచ పరగణాకి తహశీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో పన్నెండేళ్లు మగ్గాడని చెబుతారు. ఆ చీకట్లో పుట్టాయని నమ్మే పాటల్ని మనం పొద్దున్నే కాఫీ తాగుతూ వింటాం.

నా మటుకు మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలను మించిన ఆల్బమ్ ఇంతవరకూ రాలేదు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని రోజుల నుంచీ ఆ కీర్తనలు ఇంటింటికీ చేరాయంటే అందులో ఆయన గొంతు వంతు పెద్దది. ‘పలుకే బంగారమాయెనా’ ఆయన పాడగా వినండి. రాగం ఆనందభైరవి. ఏడుపు లేదు, వణుకు లేదు. పిలుస్తున్నా ఎదుటివాడు పలకడం లేదన్న సంగతి ఒక్కటే ఉంటుంది. ఆయన ఏడవడు గనకే వినేవాడికి గొంతు పూడుకుపోతుంది. పరాయి మనిషి బాధని నటించకుండా పాడగలగడం ఆ మనిషికి ఇచ్చే మర్యాద అనుకుంటాను.

1964లో చిత్తూరు నాగయ్య తానే తీసి, తానే నటించిన ‘రామదాసు’లో కబీరు పాత్రకి మహమ్మద్ రఫీ పాడారు. గోపన్నని ఖైదు చేసిన రాజు ముస్లిం అన్న మాట మాత్రమే పట్టుకుని తిరిగేవాళ్లు ఆ పాటలు ఒకసారి వినాలి. 2006 ‘శ్రీరామదాసు’కి కీరవాణి చేసిన సంగీతం మా వైపు శ్రీరామనవమి పందిళ్లలో ఇప్పటికీ మోగుతుంది, మోగాలి కూడా. పండగ పాటలకి ఆ నిండుదనం తగిందే. నా పేచీ అంతా అందులోని ఖైదు కీర్తనల దగ్గర. ఒంటరి మనిషికి అన్ని వాద్యాలు తోడొచ్చాక అతను ఒంటరి ఎలా అవుతాడు?

అదే కీరవాణి 2022లో ‘ఆర్ఆర్ఆర్’లో సుద్దాల అశోక్‌తేజ రాసిన ‘కొమురం భీముడో’ని కాలభైరవ చేత పాడించినప్పుడు, ఎక్కువ బరువు ఆ గొంతు మీదే పెట్టారు. కొరడా దెబ్బలు తింటున్న మనిషి పాట అది. చాలా గొప్పగా ఉంది. గొప్పగా ఉంది గనకే మళ్లీ మొదటి ప్రశ్న. సినిమాలో ఆ పాట విన్న జనం తిరగబడతారు. హాల్లో విన్న మనం కళ్లు తుడుచుకుని ఇంటికొచ్చాం. విన్నవాడి మీద పాటకి హక్కేమీ లేదా?

రామదాసు కీర్తనల్లో ఎవరి నగకి ఎంత ఖర్చయిందో పేరుపేరునా లెక్క చెప్పి రాముణ్ని నిలదీసేది ఒకటుంది. దేవుణ్ని అలా అడగగలిగిన చనువు నాకెంతో ఇష్టం. అయినా విన్న ప్రతిసారీ ఒక పద్దు కనపడక వెతుకుతాను. ఆ శిస్తు కట్టిన రైతు ఎవరు? అడవి అంచున పోడు కొట్టుకున్న మనిషి గింజలు అందులో ఎన్ని? జనమే ఇష్టపడి ఇచ్చారని కథ చెబుతుంది. నిజమే కావచ్చు. చివరికి రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు గోల్కొండ సుల్తాను తానీషాకి చెల్లించారని కూడా అదే కథ చెబుతుంది. అంటే బాకీ తీరింది సుల్తానుకి. రైతుకి తీరిందని ఎవరూ పాడలేదు. పుట్టలో విగ్రహాలు చూసి, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని చెప్పుకునే పోకల దమ్మక్క గోపన్నకంటే ముందే భద్రాచలం కొండ మీద ఉంది. ఆమె గొంతు ఏ ఆల్బమ్‌లోనూ లేదు. భక్తిని తక్కువ చేయడానికి ఇదంతా అనడం లేదు. ఒక మనిషి కష్టానికి ఇంత చెవి ఇచ్చినవాళ్లం పక్క మనిషికి ఎందుకివ్వలేదని అడుగుతున్నాను.

అలాంటి పక్క మనిషి ఒకడు, సకిని రామచంద్రయ్య అనే కోయ కళాకారుడు, మణుగూరు దగ్గరి కూనవరంలో ఉండేవాడు. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ కోయలోనూ తెలుగులోనూ పాడేవాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఆయన పాటని రామదాసు ఆల్బమ్ పక్కన పెట్టి ఏది మేలని తూచడం నాకు చేతకాదు. రామదాసు కీర్తనని ఖైదు లేకుండా, గుడి లేకుండా కూడా వినొచ్చు. కోయ డోలి పాట అలా కాదు. మూడో గట్టు (వంశం) వాళ్లెవరు, నాలుగో గట్టువాళ్లెవరు, ఎవరి వేల్పు ఎక్కడిదని, వంశకథ బొమ్మలున్న పడిగె గుడ్డ ముందు నిలబడి చెప్పే పాట అది. ఆ ఇంటిపేరువాళ్లు ఎదురుగా కూర్చుని ఔనంటేనే నిలబడుతుంది. రికార్డు చేస్తే గొంతు మిగులుతుంది. ఔననేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

ఈ ప్రశ్నకి తొందర కూడా ఉంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. (ఆ మండలం కూనవరం వేరు, రామచంద్రయ్య ఊరు వేరు.) గుడి ఇటు, గుడి చుట్టూ ఉన్న కోయ ఊళ్లు చాలా అటు. వాటిలో మునిగేవి ఎన్నో. ఇళ్లకి పరిహారం లెక్క కడతారు, భూమికి కడతారు. వేల్పుల తావులు పేరుపేరునా పలికే పాటకి, ఆ తావులు నీళ్లలోకి పోయాక ఎవరు లెక్క రాస్తారు, ఎవరిని నిలదీసి రాయిస్తారు?