కనబడనిదానిని కొలుచుట

కొండమీద పొగను చూచి అచట నిప్పు కలదని నిశ్చయించుట అనుమాన ప్రమాణము. భారతీయ తార్కికులు అంతటితో ఊరకుండలేదు. కనబడినది పొగయేనా, ఉదయపు మంచు పొగవలె తోచుచున్నదా అని విచారింపక చేసిన అనుమానము చెల్లదని హెచ్చరించిరి. నేటి భౌతికశాస్త్రమున ఈ హెచ్చరికను ఎంత కఠినముగా పాటించుచున్నారో తెలియవలెనన్నచో హిగ్స్ బోసాన్ వృత్తాంతమును కొంత ఓపికతో వినవలెను.

విశ్వమంతటను ఒక క్షేత్రము వ్యాపించియున్నదను భావనకు 1964లో పీటర్ హిగ్స్, ఫ్రాన్సువా ఆంగ్లేర్, రాబర్ట్ బ్రౌట్ మొదలగువారు పునాది వేసిరి. ఎలక్ట్రాను వంటి మూలకణమునకు ఆ క్షేత్రముతోడి సంబంధమెంత గాఢమో దాని ద్రవ్యరాశియు అంత. ఆ క్షేత్రమున లేచిన అలవంటిదే హిగ్స్ బోసాన్. బోసాన్ అను నామము కలకత్తాలో జన్మించిన సత్యేంద్రనాథ్ బోస్‌ను స్మరించునది. 1993లో లియాన్ లెడర్మన్ తన గ్రంథమునకు పెట్టిన పేరునుబట్టి లోకము దీనిని దైవకణమని పిలువసాగినది. హిగ్స్‌కు ఆ పేరు రుచింపలేదు. ఆయన అరుచి న్యాయమైనదే. భగవంతుడు ఒక కణమై జెనీవాలో పట్టుబడెనని మురియువారు శాస్త్రమునకుగాని భక్తికిగాని మేలు చేసినవారు కారు.

జెనీవా చెంత, భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల సొరంగమున ప్రోటానులు కాంతివేగమునకు అతి సమీపమైన వేగముతో ఎదురెదురుగా వచ్చి ఢీకొనును. నూరుకోట్లకు పైబడిన సంఘట్టనములలో ఒకదానియందు హిగ్స్ పుట్టును, పుట్టినంతనే నశించును. ఏ పరికరమును దానిని సూటిగా చూడజాలదు. అది విడిచిపోయిన కణములను లెక్కించి, అది దేనితో ఎంత సంబంధము కలదో నిర్ణయింపవలెను.

ఇందొక విచిత్రము కలదు. నూటికి 58 పర్యాయములు హిగ్స్ బాటమ్ క్వార్కుల జంటగా విడిపోవును. రెండు కాంతికణములుగా విడిపోవుట వేయింటికి రెండు పర్యాయములకు కొంచెము మించును. అయినను 2012 జూలై 4న అట్లాస్, సి.ఎం.ఎస్. అను రెండు ప్రయోగబృందములు ఆవిష్కరణను ప్రకటించినపుడు ఆ అరుదైన కాంతికణముల జాడయే ప్రధానమైన ఆధారములలో ఒకటి. నిత్యమును జరుగు మార్గము 2018లోగాని స్థిరపడలేదు. కారణమేమనగా, బాటమ్ క్వార్కుల జంటలు ఇతర విధములను లెక్కకు మిక్కిలిగా పుట్టుచుండును. మంచు దట్టమైనచోట పొగ ఎంత లేచినను ఏమి తెలియును?

మిక్కిలి బరువైన టాప్ క్వార్కుతో హిగ్స్ సంబంధము కూడ 2018లోనే నేరుగా తేలినది. తేలికయైన మ్యుయాన్ విషయము మరియు కష్టము: ఐదువేల హిగ్స్‌లలో ఒకటి మాత్రమే మ్యుయాన్ల జంటగా మారును. 2020లో సి.ఎం.ఎస్., 2025లో అట్లాస్ దాని జాడను చూపినవి. అయినను ప్రతి బృందమును తన ఫలితమును ‘ఆధారము’ అనినదేగాని ‘ఆవిష్కరణ’ అనలేదు. కాకతాళీయముగా అట్టి లెక్క వచ్చు అవకాశము సుమారు 35 లక్షలలో ఒకటికి తగ్గినగాని ఆ రెండవ మాట వాడరాదని వారి కట్టుబాటు.

కోరిక కంటికి లేనిదానిని చూపును. ఈ సంగతి ఎరిగినందుననే, పరీక్షావిధానము నిర్ణయమగువరకు ముఖ్యమైన అంకెలను తమకు తామే మరుగుపరచుకొను ఆచారము వారిలో కలదు. 2015 డిసెంబరులో ఆ రెండు బృందముల లెక్కలలోను హిగ్స్‌కు ఆరురెట్లు బరువైన నూతన కణమేదో ఉన్నట్లు తోచినది. దానిని వివరించుచు వందలకొలది వ్యాసములు వెలువడినవి. 2016 ఆగస్టులో, మరింత సమాచారము చేరినపిమ్మట, అట్టిదేమియు లేదని ఆ బృందములే సభాముఖమున చెప్పినవి. 2012 నాటి సంబరముకంటె ఈ మాట పలుకుటకే ఎక్కువ ధైర్యము వలయును. ధ్యానమున ఒకనాడు వెలుగేదో తోచినంతనే సిద్ధి కలిగినదని పదుగురికి చెప్పుకొను సాధకుడు ఆ ఆగస్టు మాసమును తలచుకొనవలసియున్నది. తోచినది మరల తోచునా, కోరిక అణగినపుడును నిలుచునా అని అతడు తన్ను తాను ఎన్ని దినములు అడిగెను?

హిగ్స్ తనతో తాను ఏర్పరచుకొను సంబంధము ఇంకను కొలతకు చిక్కలేదు. అందులకు రెండు హిగ్స్‌లు ఒక్కమారు పుట్టవలెను. అది ఒక్కటి పుట్టుటకంటె సుమారు వేయిరెట్లు అరుదు. 2030 ప్రాంతమున మరింత సాంద్రమైన ప్రోటాను పుంజములతో యంత్రమును నడుపుటకు ఏర్పాట్లు జరుగుచున్నవి. అంతవరకు ఆ సంబంధము ఏ యెల్లలను దాటియుండజాలదో మాత్రమే వారు ప్రకటించుచున్నారు.