తొమ్మిదిమంది ఏమయ్యారు?



పదిమంది కుష్ఠరోగుల కథ మీకు కొత్తది కాదు (లూకా 17:11-19). పదిమందికీ స్వస్థత కలిగింది. తిరిగి వచ్చినవాడు ఒక్కడే, వాడూ సమరియుడు. మిగతా తొమ్మిదిమంది దుర్మార్గులని సువిశేషం ఎక్కడా అనలేదు. యాజకులకు కనపడమని చెప్పింది ప్రభువే కదా! వాళ్లు ఆ పనిమీదే వెళ్లారు. అటునుంచి ఇళ్లకు చేరి పెళ్లాం బిడ్డలను చూసుకొని ఉంటారు. అందులో తప్పేముంది? అయినా ప్రభువు వారిని గురించి అడిగారు. ఆ ప్రశ్న ఈ మధ్య నన్ను వదలడం లేదు.

వెనక్కి తిరిగి వచ్చిన ఒక వ్యక్తిని గురించి 2022లో పత్రికలు రాశాయి. డాక్టర్ గవిని ఉమాదేవిగారు 1965లో గుంటూరు వైద్య కళాశాల విద్యార్థిని. తరువాత అమెరికా వెళ్లి నాలుగు దశాబ్దాలపాటు ఎలర్జీ వ్యాధుల నిపుణురాలిగా పనిచేశారు. ఆ కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడినవారి సంఘం ఆ ఏడాది డల్లాస్ నగరంలో సమావేశమైంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో కట్టే తల్లీబిడ్డల వైద్య విభాగానికి 20 కోట్ల రూపాయలు ఇస్తున్నానని ఆమె అక్కడ ప్రకటించారు. అది ఆమె జీవితకాలమంతా కూడబెట్టుకున్న సొమ్మట. దానిని తన పేరుతో పిలవడానికి ఆమె ముందు ఒప్పుకోలేదు. చివరికి, అప్పటికి మూడేళ్ల క్రితం గతించిన తన భర్త, మత్తు వైద్యులు డాక్టర్ కానూరి రామచంద్రరావుగారి పేరు పెట్టడానికి సరేనన్నారు.

పేరంటే గుర్తొచ్చింది. మన దేవాలయాల్లో ఫ్యాను రెక్కలమీద దాత పేరు, బెంచీమీద దాత పేరు. ఒకచోట ట్యూబులైటుమీద రాసిన పేరు పెద్దదై వెలుతురుకే అడ్డం వచ్చింది. న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలకు 2024లో నూరు కోట్ల డాలర్లు ఇచ్చిన రూత్ గాటెస్‌మన్ అనే వృద్ధురాలు, కళాశాల పేరు మాత్రం మార్చవద్దని కోరారు. విచారణ పెద్దలు ఈ సంగతి కాస్త గుర్తుంచుకుంటే నాకు కొన్ని తగాదాలు తప్పుతాయి.

ఇంత సొమ్ము ఇచ్చినవారిని దాత అంటాం. నాకొక సందేహం ఉంది. గుంటూరు వైద్య కళాశాల 1946లో పుట్టింది. అది ప్రజల పన్నులతో నడిచే కళాశాల. అక్కడ వైద్యం నేర్చుకునే పిల్లలు పుస్తకం ఒక్కదానితోనే నేర్చుకోరు. పొత్తికడుపుమీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటు ఉందో తెలుసుకోవడం ఎవరి దగ్గర నేర్చుకుంటారు? పల్లెనుంచి బస్సెక్కి వచ్చి, చీటీ రాయించుకొని, వరసలో కూర్చున్న పేద గర్భిణి దగ్గర. ఒక విద్యార్థి వచ్చి చూస్తాడు, ఆ వెనుక ఇంకో నలుగురు వచ్చి చూస్తారు. ఆమె సిగ్గుపడుతుంది, నొప్పి ఓర్చుకుంటుంది, ఏమీ అనదు. డబ్బున్న ఇంటి ఆడపడుచును అలా చూడనివ్వరు. ఒక వైద్యురాలి చదువుకు మొట్టమొదట కానుక ఇచ్చింది ఆ తల్లి. తాను కానుక ఇచ్చానని కూడా ఆమెకు తెలియదు.

అందుకే ఆ 20 కోట్లు ఏ పాలరాతి సభామందిరానికో కాక, మళ్లీ ఆ తల్లి పడుకునే మంచం దగ్గరికే చేరాలనుకోవడం నాకు నచ్చింది.

అయితే అది దానమా, బాకీ తీర్చడమా? గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఇలాంటి ప్రశ్నమీద మేం రాత్రి భోజనం చల్లారిపోయేదాకా వాదించుకొనేవాళ్లం. పునీత తోమాసు అక్వినాసువారు దీన్ని తేల్చిన తీరు నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అవుతోంది. ఆయన కృతజ్ఞతను న్యాయానికి అనుబంధమైన సుగుణంగా లెక్కించారు. అంటే అది బాకీయే. కాని కోర్టులో వసూలు చేయగల బాకీ కాదు. పైగా, పుచ్చుకున్నంతే తిరిగి ఇస్తే అది అప్పు తీర్చడమే అవుతుంది గాని కృతజ్ఞత కాదు, కాబట్టి వీలైతే పుచ్చుకున్నదానికన్న ఎక్కువ ఇవ్వాలని ఆయన వాదన. మార్కెట్టులో ఈ లెక్క చెల్లదు. మన తీరంలో వల అప్పిచ్చే షావుకారు వింటే నవ్వుతాడు.

గుంటూరుకే ఇంకో వైద్యురాలు వచ్చింది, ఉమాదేవిగారు పుట్టకముందే. మేరీ గ్లౌరీ ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో పట్టం పొందిన డాక్టరు. మన దేశంలో తల్లులూ పసిబిడ్డలూ వైద్యం లేక చనిపోతున్నారని ఒక చిన్న పుస్తకంలో చదివి, మంచి ప్రాక్టీసు వదులుకొని 1920లో గుంటూరు చేరి, జె.ఎం.జె. సభలో కన్యస్త్రీ అయ్యారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. కతోలిక వైద్య కళాశాల ఒకటి రావాలని ఆమె కలగన్నారు. 1957లో ఆమె మరణించారు, 1963లో బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల మొదలైంది. శ్రీసభ 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ఈమె ఈ దేశపు తల్లులకు ఏమీ బాకీ లేరు. అయినా తనను తానే ఇచ్చుకున్నారు. ఇద్దరినీ ఒక త్రాసులో తూచడం నాకు చేతకాదు.

మన నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల వయసు చిన్నది, 2014లో మొదలైంది. దానిలో చదివిన పిల్లలు ఇంకా జీవితంలో కుదురుకుంటున్నారు. మైపాడు వైపు నుంచి, ఇసకపల్లి వైపు నుంచి అర్ధరాత్రి నొప్పులొచ్చిన మన ఆడబిడ్డలను ఆటోలో వేసుకొని పోయేది నెల్లూరు పెద్దాసుపత్రికే గదా. వాళ్లమీద నేర్చుకున్నవారు రేపు ఎటు వెళతారో!

డాక్టర్ల సంగతి అలా ఉంచండి. మన తీరం పల్లెల్లో వల లాగి, తట్ట నెత్తిన పెట్టుకొని చేపలమ్మి చదివించిన బిడ్డలు ఇంజనీర్లూ నర్సులూ అయ్యారు. వాళ్లలో ఒకతని తల్లిని మొన్న అడిగాను, అబ్బాయి పండగకు వస్తున్నాడా అని. "రాడు ఫాదరుగారూ, చేపల వాసన వాళ్ల పిల్లోళ్లకు పడదంట. వాడు బాగుండాడు, నాకు అది చాలు" అంది. కోపం లేకుండానే అంది. నేను ఇంటికొచ్చి ఆ కొడుకుమీద చాలా కోపం తెచ్చుకున్నాను.

కాని ఆ కోపం నిలవలేదు. నన్ను చదివించింది ఎవరు? మా ఊరి తల్లులు వంటకు బియ్యం కొలుచుకునేటప్పుడు పిడికెడు తీసి దేవాలయానికి వేరే కుండలో దాచేవారు. దేశీయ గురువుల చదువుకోసం పునీత పేతురు సభ అని ఒకటుంది. 1889లో ఫ్రాన్సులో ఒక తల్లీకూతురూ మొదలుపెట్టారు. దానికి సొమ్ము పంపినవారి ముఖాలు నేనెన్నడూ చూడలేదు. గురుపట్టాభిషేకం నాడు అందరికీ దండం పెట్టి, జీపెక్కి, యాజకులకు కనపడటానికి వెళ్లిన ఆ తొమ్మిదిమందిలాగే నేనూ నా పనిమీద వెళ్లిపోయాను. ఇది దాదాపు ముప్పై ఏళ్ల మాట.

పిడికెడు బియ్యం పోసిన ఆ తల్లుల్లో ముగ్గురు ఇంకా ఉన్నారని మొన్న కబురు తెలిసింది. ఒకామెకు చూపు పోయిందట. ప్రపంచ వేదప్రచార ఆదివారం పూజ అయ్యాక మా ఊరి బస్సెక్కుతున్నాను. చేతిలో ఏం పట్టుకెళ్లాలో ఇంకా తోచలేదు.