నారింజ రంగు బటన్

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

1979 జులై 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన మొదటి సోనీ వాక్‌మన్‌కు హెడ్‌ఫోన్ పెట్టుకునే జాక్‌లు రెండుండేవి. ఒకే క్యాసెట్టును ఇద్దరు వినొచ్చన్నమాట. దానికే నారింజ రంగు బటన్ కూడా ఒకటుండేది. అది నొక్కితే పాట తగ్గి, పెట్టెలోని చిన్న మైకు గుండా పక్కవారి మాట చెవిన పడేది. ధర 33,000 యెన్‌లు. అమ్మలు వయసు పిల్లల్లో వాక్‌మన్ పేరు విన్నవాళ్లు ఉంటారేమో గానీ, ఈ బటన్ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

దాని వెనక ఒక ఇంటి ముచ్చట ఉంది. సోనీ స్థాపకుల్లో ఒకరైన అకియో మొరీటా తయారీలో ఉన్న నమూనాను ఇంటికి తెచ్చుకుని పాటలు వింటూ కూర్చున్నారు. తనను వెలివేసినట్టు అనిపించి ఆయన భార్య చిన్నబుచ్చుకున్నారు. పక్కన మనిషి ఉండగా తానొక్కడే పాట వినడం మర్యాద కాదని మొరీటాకు తోచింది. రెండో హెడ్‌ఫోనూ, ఆ బటనూ అలా వచ్చినవే. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథ ‘మేడ్ ఇన్ జపాన్’లో చెప్పుకున్నారు. కొన్నవాళ్లు మాత్రం దాన్ని పంచుకోలేదు, ఎవరి పెట్టె వారికి సొంతమైపోయింది. కొన్నాళ్లకు కొత్త మోడళ్లలో ఆ బటనూ పోయింది, రెండో జాకూ పోయింది.

ఇది పక్కవాళ్లను దూరం పెడుతుందేమోనని వస్తువును తయారుచేసిన మనిషికే ముందుగా భయం వేసిందంటే, ఆ భయాన్ని పాతకాలపు చాదస్తంగా కొట్టిపారెయ్యకూడదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వుడ్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని రోడ్డు దాటకూడదని 1982లోనే నిబంధన పెట్టారు. 2001లో వెయ్యి పాటలు జేబులో పట్టే ఐపాడ్ వచ్చింది. ఇప్పుడు వైరు కూడా లేని గింజంత ఇయర్‌బడ్లు బయటి చప్పుడును చాలావరకు మింగేస్తున్నాయి. వాటిలోనూ కొన్నింటికి బయటి శబ్దాన్ని లోపలికి వదిలే సదుపాయం ఉంది. సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే, భుజానికి భుజం తగులుతున్నంత రద్దీలోనూ రైలు పెట్టెలో ఎవరి లోకం వారిదే.

ఇలా చెవులు మూసుకోవడంలో ఒక న్యాయమూ ఉంది. ఫోన్లో వీడియోలు గట్టిగా పెట్టి బస్సంతటికీ వినిపించే పెద్దమనుషులకన్నా ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలు ఎంతో మర్యాదస్తులు. మరో సంగతి ఇంకా ముఖ్యం. ఆడపిల్లలు చాలామంది చెవుల్లో అవి పెట్టుకునేది పాట కోసం కాదు, పక్కసీటు మగవాడు మాట కలపకుండా ఉండటానికి. అలాంటి చోట వాటిని తియ్యమని ఏ తాతయ్యా చెప్పడు, చెప్పకూడదు. అక్కడ మారాల్సింది ఆ పక్కసీటు మనిషి.

మరి మిగతా వేళల్లో? షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు రోజూ రైల్లో తిరిగేవాళ్ల మీద ఒక ప్రయోగం చేసి, 2014లో ప్రచురించారు. కొందరిని ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడమన్నారు. కొందరిని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోమన్నారు. ఇంకొందరిని ఎప్పటిలాగే వెళ్లమన్నారు. ప్రయాణం హాయిగా సాగిందని ఎక్కువగా చెప్పింది మాట్లాడినవాళ్లే. ముందుగా అంచనా అడిగినవాళ్లు మాత్రం ఒంటరిగా కూర్చుంటేనే సుఖమన్నారు. పలకరిస్తే అవతలివారికి ఇష్టం ఉండదేమోనన్న జంకే చాలామందిని ఆపుతోందని ఆ పరిశోధనలో తేలింది. ఇద్దరికీ మాట్లాడాలనే ఉంటుంది, ఎదుటివారికి లేదని ఇద్దరూ అనుకుంటారు. చెవుల్లో ఇయర్‌బడ్లు కనిపిస్తే ఆ అనుమానం కాస్తా రూఢి అయిపోతుంది.

నష్టం ముందుగా తగిలేది చదువు రానివాళ్లకు, ముసలివాళ్లకు, ఊరికి కొత్తవాళ్లకు. ఏ బస్సు ఎటు పోతుందో బోర్డు చదవలేని ఆవిడ సికింద్రాబాద్‌లో ఎవరిని అడగాలి? ఒకప్పుడు పక్కనున్న ఎవరినైనా అడిగేది. ఇప్పుడు వినగల చెవి ఎక్కడుందా అని వెతుక్కోవాలి. దారి చెప్పడం, సీటివ్వడం, సంచి అందుకోవడం, ఇవన్నీ అడిగినమాట వినపడితేనే జరిగే పనులు. అందుకే అమ్మలు బస్టాపులో నిలబడినప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుకుంటే బాగుంటుంది. కండక్టరు టికెట్ ఇస్తున్నప్పుడు, గేటు దగ్గర వాచ్‌మన్ పలకరించినప్పుడు, దుకాణంలో చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడుతున్నప్పుడు రెండు చెవులూ ఖాళీగా ఉండాలి. పాట ఆగితే మళ్లీ మొదలవుతుంది. ఎదురుగా ఉన్న మనిషిని బొమ్మలా చూసి పంపించేస్తే, ఆ చిన్నతనం ఆ మనిషి మనసులో ఉండిపోతుంది.

ఇక పట్టాల దగ్గర ఏ మినహాయింపూ లేదు. 2004 నుంచి 2011 వరకు అమెరికాలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తూ ప్రమాదాల పాలైనవారి కేసులు 116 పరిశోధకులు వెతికి తీశారు. వాటిలో సగానికి పైగా రైలు ఢీకొన్నవే. పది మందిలో ఏడుగురు బతకలేదు. కొన్ని సందర్భాల్లో రైలు కూతో, బండి హారనో ముందు మోగింది కూడా. కాబట్టి లెవెల్ క్రాసింగ్ దగ్గరైనా, పెద్ద రోడ్డు దాటేటప్పుడైనా ఇయర్‌బడ్లు డబ్బాలో పెట్టి, ఆ డబ్బా సంచిలో పడెయ్యాలి.

ఈ ఉత్తరం నాన్నకూ చదివి వినిపించు. పొద్దున్నే రోడ్డు మీద నడకకు వెళ్లేటప్పుడు వాడి చెవుల్లోనూ అవే ఉంటున్నాయని అమ్మ ఫోన్లో చెప్పింది.

ఆశీస్సులతో,
తాతయ్య