అక్కర, అవసరం, నిర్బంధం

‘కావలసినది’ అనే అర్థంలో ఒక భాషలో ఎన్ని మాటలున్నాయో లెక్కించడం నిఘంటుకారుల పని. ఆ మాటను ఎవరు పలికారు, దాని బరువు ఎవరి మీద పడింది అని అడిగితే మాత్రం అది నీతికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. తెలుగులో అక్కర, అవసరం, ఆవశ్యకం, అగత్యం, అనివార్యం, జరూరు, గరజు, తప్పనిసరి అనేవి పర్యాయపదాలుగానే చెలామణి అవుతున్నాయి. ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూస్తే కాని వాటి మధ్య ఉన్న దూరం తెలియదు. రోగికి మందు అవసరమంటారు, యుద్ధం అనివార్యమంటారు. ఈ రెండు మాటలనూ తారుమారు చేస్తే మొదటి వాక్యం పెళుసుబారుతుంది, రెండవది ఘోరంగా వినిపిస్తుంది.

వీటన్నిటిలో అధికంగా వాడుకలో ఉన్న ‘అవసరం’ చరిత్ర విచిత్రమైనది. సంస్కృతంలో దానికి సమయం, సందర్భం, అవకాశం అని అర్థం. హిందీ, మలయాళ భాషలు ఆ అర్థాన్నే నిలుపుకున్నాయి. తమిళంలో అది తొందర. కన్నడంలోనూ ప్రధానంగా తొందరే. తెలుగులో మాత్రం అది లేమిని సూచించే మాట అయింది. ఒకే శబ్దం ఒకచోట చేజిక్కిన అవకాశం, ఇంకొకచోట గడియారం తరిమే తరుము, మరొకచోట ఇంట్లో నిండుకున్న బియ్యం. ‘ఇంట్లో అవసరం పడింది’ అని ఒకరు అంటే ఎదుటివారు సొమ్ము ఎంత అని మాత్రమే అడుగుతారు. అప్పు అనే మాట నోట పలకనివ్వని మర్యాద ఆ పదానిది.

సంస్కృతం నుంచి వచ్చిన మిగిలిన మాటలలో నిస్సహాయత కనిపిస్తుంది. ‘అవశ్యం’ అంటే వశం కానిది. ‘అగత్యం’ అన్నమాట ‘అగతి’ నుంచి, అంటే వేరే దారి లేకపోవడం నుంచి వచ్చింది. దేశి పదాల పుట్టుక వేరు. తెలుగులో ‘అక్కర’ అంటే కావలసి ఉండడం, తమిళంలో దాని తోబుట్టువైన ‘అక్కఱై’కి శ్రద్ధ, పట్టింపు అని అర్థం, కన్నడంలో ‘అక్కరె’ అంటే ప్రేమ. ‘వలయు’ అనే క్రియ ‘వలచు’ అనే క్రియకు దగ్గరి చుట్టం. నేడు అంగడిలోనూ ఆసుపత్రిలోనూ వినిపించే ‘కావాలి’ అనే మాట ‘కావలయును’ అన్నదాని అరిగిన రూపం. అంటే తెలుగువాడు ఉప్పు కావాలన్నా ఆ మాట అడుగున ఎక్కడో వలపు ఉన్నదన్నమాట. ‘ఆయన మాకు బాగా కావలసిన మనిషి’ అనే వాక్యంలో ఆ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. అక్కడ ప్రయోజనం ప్రసక్తి లేదు, ఆత్మీయత ఒక్కటే ఉంది. ఏరు దాటాక బోడి మల్లన్న అనే లోకరీతిని ఎరిగిన భాషే ఈ వాక్యాన్నీ నిలుపుకున్నది.

‘కావాలి’ అనే మాటకు ఒక లోపం ఆపాదిస్తారు. పిల్లవాడు బొమ్మ కావాలంటాడు, జ్వరపడినవాడు నీళ్ళు కావాలంటాడు; కోరికకూ అవసరానికీ తేడా లేదు కదా అని ఆక్షేపణ. ఆక్షేపణ నిజమే. అయితే ఆ మాట తీర్పు చెప్పదు కాని, ఎవరికి అన్న ప్రశ్నకు జవాబు అడుగుతుంది. ‘కు’ ప్రత్యయంతో ఒక మనిషి ఆ వాక్యంలో నిలబడాలి. నాకు కావాలి, అమ్మకు కావాలి, ఊరికి కావాలి. ఆ మనిషి కనబడినప్పుడు అది కోరికా, అవసరమా అని తర్కించడం సాధ్యమవుతుంది.

‘తప్పనిసరి’కి ఆ నియమం లేదు. ‘హాజరు తప్పనిసరి’ అన్నది పూర్తి వాక్యమే. ఎవరు విధించారో, ఎవరి మేలుకోసమో అందులో లేదు. తప్పు, తప్పదు, తప్పించుకొను అనే మాటలు ఒకే కుదురువి కావడంవల్ల, తప్పించుకున్నవాడు తప్పు చేసినవాడనే భావన మాత్రం దానితోపాటే వచ్చి చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1966లో అధికార భాషా చట్టం వచ్చి, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడిన తరువాత కార్యాలయాలలో తెలుగు వాడకాన్ని పెంచే ప్రయత్నం జరిగింది. తెలుగు వచ్చింది కాని, కర్త లేని ఆంగ్ల వాక్యనిర్మాణం కూడా దానివెంటే వచ్చింది. ‘జతపరచవలయును’, ‘కోరడమైనది’ అనే ప్రయోగాలలో కోరినవారెవరో కోరబడినవారికి తెలియదు.

ఇది కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసు పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేర్చింది. దాన్ని అమలుపరచే చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. హిందీ దానిని ‘అనివార్య’ విద్య అన్నది. తమిళం ‘కట్టాయ’ అన్నది. కన్నడం ‘కడ్డాయ’ అన్నది. తెలుగులో ‘నిర్బంధ విద్య’ అనే మాట స్థిరపడింది. సంస్కృతంలో ‘నిర్బంధం’ అంటే పట్టుదల, గట్టిగా అడగడం. నేటి తెలుగు పాఠకుడికి మాత్రం ఆ మాట వినగానే గుర్తుకు వచ్చేవి గృహనిర్బంధం, పోలీసు నిర్బంధం. హక్కును ప్రసాదించే చట్టం పేరులో చెరసాల తలుపు చప్పుడు వినిపించడం అనువాదకుల దురదృష్టం.

ఆ చట్టంలోని ఎనిమిదవ సెక్షన్ ఈ మాటకు చెప్పిన వివరణ చదివితే విషయం తలకిందులవుతుంది. నిర్బంధ విద్య అంటే ప్రతి బిడ్డకూ విద్యను ఉచితంగా అందించడం, ఆ బిడ్డ బడిలో చేరేటట్లు, హాజరయ్యేటట్లు, చదువు పూర్తి చేసేటట్లు చూడడం ప్రభుత్వానికి ఉన్న బాధ్యత అని అక్కడ ఉన్నది. బిడ్డను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని పదవ సెక్షన్ కూడా చెబుతుంది, నిజమే. కాని ‘నిర్బంధం’ అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో మొదట బంధితమయ్యేది ప్రభుత్వం. వాడుకలో ఆ మాట పిల్లవాడి మీదకూ, వాడిని పత్తిచేనికి పంపిన తండ్రి మీదకూ మళ్ళింది. పలకవలసిన జవాబు ప్రభుత్వానిది కాగా, దోషం ఇంటివారిదయింది. బడి ఎంత దూరంలో ఉందో, ఉపాధ్యాయుడున్నాడో లేడో అడగవలసిన తండ్రి, తానే సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితిలో నిలబడతాడు.

అదే చట్టం పద్నాలుగవ సెక్షన్‌లో, వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని స్పష్టంగా ఉంది. అయినా ప్రవేశపు దరఖాస్తు మీద ‘జనన ధ్రువీకరణ పత్రం తప్పనిసరి’ అని ఒక్క పంక్తి అచ్చయితే చాలు. చదువు వచ్చిన తల్లి అది చూసి బిడ్డ చేయి పట్టుకుని వెనుదిరుగుతుంది. చదువు రాని తల్లికి గుమాస్తా చదివి వినిపిస్తాడు.