ఇంటి కుక్కపిల్లయు మన నాలుకయు

ధ్యానమునకు: యాకోబు 3:1–12



యాకోబు భక్తుడు నాలుకను గూర్చి వ్రాయుచు ఒక వింతైన సంగతి మన యెదుట పెట్టుచున్నాడు. మృగములను, పక్షులను, ప్రాకెడి జీవులను, నీటిలోని ప్రాణులను మనుష్యుడు లోబరచుకొనగలిగెను గాని, తన నోటిలోని చిన్న అవయవమును మాత్రము లోబరచుకొనలేకపోయెనని ఆయన భావము. ఇది యెంత నిజమో తెలిసికొనుటకు మనము ఏ అడవికిని పోనక్కరలేదు. ఇంట ఒక కుక్కపిల్లను పెంచిన చాలును.

పల్లెలో కుక్కపిల్ల ఇంటికి వచ్చు విధము మనమెరిగినదే. ఎవరి పశువుల పాకలోనో, గడ్డివామి చాటుననో తల్లి పిల్లలు పెట్టును. బడినుండి వచ్చు పిల్లలు ఒకదానిని చొక్కాలో దాచి తెత్తురు. తల్లి వద్దనును, తండ్రి గద్దించును, అవ్వ మాత్రము మూకుడులో ఇంత గంజి పోయును. అంతటితో అది మన ఇంటి కుక్కయగును.

మరునాటినుండి తొందరలు ఆరంభమగును. రాత్రియంతయు తల్లికొరకు మూలుగును. తెల్లవారుసరికి కొత్త చెప్పు ముక్కలై యుండును. అలికిన అరుగుమీద తడి చేయును. ఆరవేసిన బట్టను మట్టిలోనికి లాగును. పొరుగువారి కోడిపిల్లల వెంటబడి మనకు మాట తెచ్చును. ఆదివారము ఇంటివారి వెనుకనే గుడికి వచ్చి, అందరును కన్నులు మూసికొని ప్రార్థించుచున్న సమయమున గుమ్మమునొద్ద మొరుగును. అప్పుడు సంఘమంతయు కన్నులు తెరచి ఆ కుటుంబమువైపు చూచును!

ఇవన్నియు చిన్న సంగతులే. అయితే ద్రాక్షతోటలను పాడుచేయునవి చిన్న నక్కలేయని పరమగీతము 2:15 మనకు జ్ఞాపకము చేయుచున్నది. పెద్ద కష్టము వచ్చినప్పుడు విశ్వాసి మోకాళ్లూని ప్రార్థించును. చెప్పు తెగినప్పుడు ప్రార్థింపడు, కేకలు వేయును. కుక్కను ఎవడు తెచ్చెనని తండ్రి పిల్లలనడుగును. నీవు ముద్దుచేయుటవలననేయని భార్యననును. ఆమె మరియొక మాట అనును. ఒక్క చెప్పుకొరకు ఆ యింటిలో సాయంకాలమువరకు ఎవరును ఎవరితోను సరిగా మాటలాడరు. కుక్కపిల్లకు బుద్ధి నేర్పుదమని కూర్చున్నవారికి మొదట కనబడునది దాని స్వభావము కాదు, తమ నాలుకయే. కాబట్టి దానికి నేర్పు పద్ధతిలో మనకు దొరకు మూడు పాఠములను ధ్యానింతము.

మొదటిది, మాట ఒక్కటిగా ఉండవలెను.

కుక్కకు మన భాష తెలియదు. మన గొంతు ధ్వనిని, దాని వెంట జరుగు పనిని కలిపి అది నేర్చుకొనును. తండ్రి "రా" అని పిలిచి, తల్లి వేరొక మాటతో పిలిచి, పిల్లలు ఈలవేసినయెడల అది దేనికి రావలెను? నిన్న నులకమంచముమీద పండుకొననిచ్చి, నేడు దానికే తన్నినయెడల అది యేమి గ్రహించును? ఒకరు తమ పళ్లెములోనుండి ముద్ద విసరుదురు. మరియొకరు పళ్లెము దగ్గరకు వచ్చెనని కొట్టుదురు. అటువంటి ఇంటిలో తెలివిలేనిది కుక్క కాదు. ఇల్లే రెండుగా చీలియున్నది. అందుచేత పెంపకము తెలిసినవారు ముందుగా "రా," "కూర్చో," "వద్దు" అను రెండు మూడు మాటలు నిర్ణయించుకొని, ఇంటిల్లిపాదియు వాటినే పలుకుదురు.

మన మాట అవునంటే అవునుగాను, కాదంటే కాదుగాను ఉండవలెనని మన ప్రభువు కొండమీద బోధించెను (మత్తయి 5:37). క్రిస్మసుకు కొత్త చొక్కా కొనెదనని చెప్పి మరచు తండ్రిని, కాళ్లు విరుగగొట్టెదనని దినమునకు పదిమారులు బెదరించి ఏమియు చేయని తల్లిని పిల్లలు త్వరలోనే గ్రహింతురు. పెద్దల మాటకు బరువు లేదని నేర్చుకొందురు. తరువాత అదే తండ్రి బైబిలు తెరచి, దేవుని మాట తప్పిపోదని చెప్పునప్పుడు ఆ బిడ్డ దానిని ఏ కొలతతో కొలుచును? ఇంటిలో మన మాట తేలికయైన కొలది, మన నోట వినబడు దేవుని మాటయు బిడ్డకు తేలికగా తోచును. ఇది చిన్న నష్టము కాదు.

రెండవది, మాట సమయమునకు తగినదై యుండవలెను.

కుక్కపిల్ల పిలిచిన వెంటనే వచ్చినయెడల ఆ క్షణముననే మెచ్చుకొని, చిన్న రొట్టెముక్క ఇయ్యవలెను. కొంతసేపటికి ఇచ్చిన ముక్క దేనికొరకో దానికి తెలియదు. గద్దింపును అటువంటిదే. మధ్యాహ్నము అది చెప్పు కొరికెను. సాయంకాలము పొలమునుండి వచ్చిన యజమానుడు చూచి కర్ర తీసెను. ఆ దెబ్బకును ఆ చెప్పునకును సంబంధము దానికి తోచదు. యజమానుడు ఇంటికి వచ్చుట దెబ్బలు తెచ్చునని మాత్రమే అది నేర్చుకొనును. తోక ముడిచి నేలకు అంటుకొనిపోవునప్పుడు, "చూడుము, దాని తప్పు దానికే తెలిసినది" అని మనమందుము. అయితే 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పరిశోధకురాలు కుక్కలను పరిశీలించి, ఆ చూపు చేసిన తప్పునుబట్టి గాక యజమానుని గద్దింపునుబట్టియే వచ్చుచున్నదని ప్రకటించెను. ఏ తప్పును చేయని కుక్క సహితము, గద్దింపబడినప్పుడు అట్లే చూచినది.

చెప్పు కొరుకుటకును కారణము కలదు. నాలుగవ నెలనుండి ఆరేడు నెలలవరకు దానికి పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చును. చిగుళ్లు నొప్పిపెట్టుటచేత దొరకినదెల్ల కొరుకును. చెప్పులు ఎత్తుగా పెట్టి, కొరుకుకొనుటకు పాతగుడ్డను గట్టిగా ముడివేసి ఇచ్చిన చాలును. (వండిన కోడియెముకలు మాత్రము వేయరాదు, అవి చీలి గొంతులో గ్రుచ్చుకొనును.) కారణము తెలిసినచోట కోపము సగము తగ్గును.

ఇప్పుడు మన బిడ్డలను తలంచుకొందము. తండ్రులు తమ పిల్లలకు కోపము రేపి వారి మనస్సు క్రుంగచేయకూడదని పౌలు కొలొస్సయులకు వ్రాసెను (3:21). కొన్ని ఇండ్లలో నవ్వుచు ఆడుకొనుచున్న పిల్లలు తండ్రి అడుగుల చప్పుడు వినగానే నోరు మూసికొని తలుపు చాటునకు పోవుదురు. త్రాగి వచ్చువాని ఇంటి సంగతి చెప్పనక్కరలేదు. త్రాగని విశ్వాసి ఇంటిలో సహితము ఇది కలదు. ఆ నిశ్శబ్దమును చూచి, నా పిల్లలు భయభక్తులు గలవారని తండ్రి సంతోషించును. ప్రియులారా, అందులో భయము ఉన్నది గాని భక్తి లేదు. తండ్రి వచ్చుట సంతోషముగా లేని ఇంటిలో పరలోకపు తండ్రిని గూర్చి ఎట్లు బోధింతుము?

మూడవది, మాట ఓర్పుగలదై యుండవలెను.

ఒక్క దినములో ఏ కుక్కయు నేర్చుకొనదు. ఉదయము అయిదు నిమిషములు, సాయంకాలము అయిదు నిమిషములు చాలును. అయితే ప్రతిదినమును నేర్పవలెను. నిన్న నేర్చినది నేడు మరచును. మరల నేర్పవలెను. ఇట్లు కొన్ని వారములు గడచినపిమ్మట ఒక దినమున అది కోడిపిల్ల వెంట పరుగెత్తుచుండగా పిల్లవాడు "రా" అని పిలుచును; అది నిలిచి, ఒక్కసారి కోడిపిల్లవైపు చూచి, వెనుకకు తిరిగి పరుగెత్తుకొని వచ్చును! ఆ యింటి సంతోషము చూడవలెను. చెప్పు పోగొట్టుకొన్న తండ్రియే అందరికంటె ముందుగా దాని తల నిమురును. కాపరి స్వరమును గొఱ్ఱెలు ఎరుగునని ప్రభువు చెప్పిన మాట (యోహాను 10:4) ఆ దినమున ఆ కుటుంబమునకు మరి స్పష్టముగా అర్థమగును.

మరియొక సంగతి. నేర్పబడిన కుక్క మూగదికాదు. మొరగలేని కుక్కలవంటి కావలివారిని యెషయా ప్రవక్త నిందించెను (56:10). రాత్రివేళ కళ్లములోనికి దొంగ వచ్చినయెడల అది మొరగవలెను. చుట్టము వచ్చినప్పుడు ఊరకుండవలెను. అట్లే దేవుడు మన నాలుకను కోసివేయ కోరడు. అన్యాయము జరుగుచోట పలుకునట్లును, ఇంటివారిమీద ఊరక లేవకుండునట్లును దానిని దిద్ద కోరుచున్నాడు. అనేకులము దీనికి వ్యతిరేకముగా చేయుదుము: వీధిలో మూగవారము, ఇంటిలో గర్జించువారము.

మూగజీవిని ప్రేమించుట మాటతోనే ముగియదు. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సామెతలు 12:10 బోధించుచున్నది. కుక్కపిల్లకు మూడవ నెల నిండగానే పశువుల ఆసుపత్రిలో పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువు చొప్పున మరల వేయింపవలెను. ఎవరినైనను ఏ కుక్కయైనను కరచినయెడల, గాయమును సబ్బుతో పారెడి నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసరు పెట్టరాదు, మంత్రగానియొద్దకు పోరాదు. 1885లో లూయీ పాశ్చర్ పారిసులో ఒక బాలునికి మొదట టీకా ఇచ్చి కాపాడినది మొదలుకొని ఈ మరణమునుండి తప్పించుకొను మార్గము మనుష్యులకు దొరకినది. వ్యాధి బయలుపడిన తరువాత బ్రదుకుట బహు అరుదు గనుక ఆలస్యము చేయరాదు.

అయినను యాకోబు మాట ఇంకను మన యెదుట నిలిచియున్నది. కుక్కను సాధు చేసితిమి. నాలుకను ఎవరు సాధు చేయుదురు? మనుష్యునికి అసాధ్యమైనది దేవునికి సాధ్యము. మనము మరచినను మరల నేర్పుచు, పారిపోయినను అదే ప్రేమగల స్వరముతో పిలుచుచు ఆయన ఎన్ని సంవత్సరములుగా మనయెడల ఓర్చుకొనుచున్నాడు!

మన పల్లెలలో మనుష్యుని అవమానింపగోరువారు కుక్కయని తిట్టుదురు. కనానీయురాలైన ఒక తల్లి ఆ మాట విని వెనుకకు పోలేదు. బల్లక్రింద తిరుగు కుక్కపిల్లలకు సహితము యజమానుని రొట్టెలో పాలున్నదని ఆమె ప్రభువును బట్టుకొనెను (మత్తయి 15:27). ఆ నాలుక కోపముతో కాదు, విశ్వాసముతో పలికెను. ప్రభువు ఆమెను మెచ్చుకొని, ఆమె కుమార్తెను స్వస్థపరచెను. బల్లక్రింద ముక్కలు చాలునన్న ఆమెకు ఆయన అడిగినదంతయు ఇచ్చెను.

కాబట్టి ఈ నెల మన ఇండ్లలో ఒక పని చేయుదము. కుక్క యున్నను లేకున్నను, ఏదైన పగిలినప్పుడు, చినిగినప్పుడు, ఒలికినప్పుడు నోరు తెరచుటకు ముందు ఒక్క ఊపిరిలో ప్రభువు నామమును తలంచుకొందము. రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు, "ఈ దినమున నా మాటవలన నీకు నొప్పి కలిగెనా?" అని ఒకరినొకరము అడుగుదము. పెద్దవారే ముందుగా అడుగవలెను.

ప్రార్థన: ఓర్పుగల తండ్రీ, నోరులేని జీవిద్వారా సహితము మాకు బుద్ధి చెప్పుచున్నావు గనుక నీకు స్తోత్రము. మా నాలుకలను నీ స్వాధీనము చేసికొనుము. మేము ఇంటికి వచ్చునప్పుడు మా బిడ్డలు దాగుకొనక ఎదురు వచ్చునట్లు మమ్మును మార్చుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.